ఒక పక్క ఆంక్షలు, ఇంకో పక్క సాయం: దేశం నిలబడుతుందా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
ఓపీఎస్సీ (ఒడిశా పబ్లిక్ సర్వీస్ కమిషన్) మెయిన్స్‌కి చదువుతున్నాను. యుద్ధంతో చితికిపోయిన దేశం మీద ఆంక్షలు పెడతారు, మళ్లీ అదే దేశానికి సాయం పంపుతారు. 1990లో ఇరాక్ మీద ఆంక్షలు పెడితే నలిగింది జనమే, సద్దాం మాత్రం 2003 దాకా గద్దె దిగలేదు. ఇవి పనిచేసిన చోటు ఒక్కటైనా ఉందా?

నాగావళి (రాయగడ):
జనం నలిగిపోతున్నారని, చమురు అమ్ముకుని తిండి కొనుక్కునే పథకం పెట్టారు కదా, అందులోనూ డబ్బు తిన్నారు. రెండు వేలకు పైగా కంపెనీలు సద్దాం ప్రభుత్వానికి దొడ్డిదారిన డబ్బు ముట్టజెప్పాయని ఐక్యరాజ్యసమితి వేసిన వోల్కర్ విచారణ కమిటీ 2005లో తేల్చింది. అందుకే నాకు రెండింటి మీదా నమ్మకం లేదు.

రుషికుల్య (బరంపురం):
తమ్ముడూ, పశ్చిమ ఆఫ్రికాలోని లైబీరియా గురించి చదువు. సీఆర్‌పీఎఫ్‌లో ఉండగా నేను దాని రాజధాని మన్రోవియాలో డ్యూటీ చేశాను. ఐక్యరాజ్యసమితి కింద మన మహిళా పోలీసు దళం 2007 నుంచి 2016 దాకా అక్కడ ఉంది, బ్యాచ్‌లు మారుతూ ఉండేవి. విదేశాంగ శాఖ భవనానికి కాపలా మాదే. అధ్యక్షురాలు ఎలెన్ జాన్సన్ సర్లీఫ్ ఆఫీసు అందులోనే ఉండేది.

అంతకుముందు ఆ దేశాన్ని ఏలిన చార్లెస్ టేలర్, పక్కనే ఉన్న సియర్రా లియోన్ తిరుగుబాటుదార్లకు ఆయుధాలిచ్చి వజ్రాలు తీసుకునేవాడు. 2001లో భద్రతా మండలి లైబీరియా వజ్రాలు ఎవరూ కొనకూడదంది, అతని మనుషులు దేశం దాటకుండా చేసింది. కలప డబ్బు ఇంకా వస్తోందని 2003లో దాన్నీ ఆపింది. ఇరాక్‌లో దేశం మొత్తాన్ని బిగించారు, ఇక్కడ తుపాకులకు డబ్బు తెచ్చే సరుకుల్ని పట్టుకున్నారు. ఆ ఆగస్టులోనే టేలర్ దిగిపోయాడు. ఆంక్షల వల్లే దిగాడని మాత్రం రాయకు, అప్పటికే తిరుగుబాటు సేనలు మన్రోవియాలోకి వచ్చేశాయి. కలప ఆగితే అడవి కూలీలకు పని పోయింది, అదీ రాయి.

నాగావళి గారూ, మీరన్న తినడం అక్కడా భయంకరంగా ఉండేది. అందుకే 2005లో సాయం చేసేవాళ్లు ఒక ఒప్పందం చేయించారు. కేంద్ర బ్యాంకు, ఓడరేవు, విమానాశ్రయం లాంటి చోట్ల విదేశీ నిపుణుడి రెండో సంతకం లేనిదే ఖర్చు పెట్టడానికి లేదు. బయటివాళ్ల పెత్తనమేమిటని రోషం వస్తుంది, నిజమే. కానీ మా వీధి గుడి కమిటీ ఖాతాకే ఇద్దరు సంతకం పెడితేగానీ డబ్బు రాదు. ఖజానాకి ఆ మాత్రం కట్టుబాటు వద్దా?

సర్లీఫ్ 2006లో వస్తూనే పాత కలప లీజులన్నీ రద్దు చేశారు. ఆ ఏడే కలప మీద ఆంక్ష పోయింది, 2007 ఏప్రిల్‌లో వజ్రాల మీదా ఎత్తేశారు. ఏం చేస్తే తీస్తారో ముందే చెప్పారు, చేశాక తీసేశారు. ఆంక్ష పెట్టడం కన్నా ఈ మాట నిలబెట్టుకోవడమే నాకు పెద్దదిగా కనిపిస్తుంది. మేము తిరిగొచ్చేటప్పుడు సర్లీఫ్ చెప్పిన లెక్క ప్రకారం, అక్కడి భద్రతా దళాల్లో ఆడవాళ్లు 6 శాతం నుంచి 17 శాతానికి పెరిగారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

మహేంద్రతనయ:
థాంక్స్ అక్కా. మరి అఫ్ఘానిస్తాన్‌లో ఇదే పద్ధతి ఎందుకు పెట్టలేదు?

రుషికుల్య:
రెండో సంతకానికి ఒప్పుకునే ప్రభుత్వం ఉండాలి కదా. తాలిబాన్ ఆడపిల్లల హైస్కూళ్లే తెరవనివ్వలేదు. 2021లో అమెరికా, అఫ్ఘాన్ కేంద్ర బ్యాంకు డబ్బు సుమారు 700 కోట్ల డాలర్లు ఆపేసింది, బ్యాంకుల్లో నగదుకు కటకట వచ్చింది. ఆ డిసెంబరులో మండలి 2615వ తీర్మానంతో తిండికీ మందులకీ దారి ఇచ్చింది. 2022 ఫిబ్రవరి నుంచి మన గోధుమలు అటారీ మీదుగా లారీల్లో వెళ్లాయి. ఆకలి తీర్చడానికి అది తప్పనిసరి, ప్రభుత్వాన్ని మార్చడానికి చాలదు. ఈ రెండు దేశాల్నీ పక్కపక్కన పెట్టి రాయి. 2022 డిసెంబరు నాటి 2664వ తీర్మానం కూడా చూడు, ఐక్యరాజ్యసమితి ఆంక్షలతో ఆస్తులు స్తంభింపజేసిన అన్నిచోట్లా మానవతా సాయానికి మినహాయింపు ఇచ్చింది.