వార్డులో ఆరేళ్ల అనుభవం పరీక్షకు అడ్డమా?

కావలి పిల్ల:
జీఎన్ఎం నర్సింగ్ కోర్సు అయిపోయి ఆరేళ్లు. నెల్లూరులో ఓ ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో చేస్తుండా. కెనడాలో, ఒంటారియోలో ప్రాక్టికల్ నర్సు (అక్కడ రిజిస్టర్డ్ నర్సు కంటే ఓ మెట్టు కింద) లైసెన్సు కోసం రెక్స్-పీఎన్ అనే పరీక్షకు చదువుతుండా. మాక్ టెస్టుల్లో నిరుడు కాలేజీ నుంచి బయటికొచ్చిన పిల్లల కంటే నాకే తక్కువొస్తున్నాయి. బ్రాంప్టన్‌లో ఉండే మా పెద్దమ్మ కూతురు "వార్డు మర్చిపోయి పుస్తకం చదువు, అప్పుడే పాసవుతావు" అంటది. నిజంగా మర్చిపోవాల్నా?

ఒంగోలు ట్యూటర్:
మీ అక్క చెప్పిందే నిజం. ఆయాసపడే పేషెంటు ప్రశ్న రాగానే మనవాళ్లు కళ్లు మూసుకుని "డాక్టర్‌కు చెప్పాలి" అని పెడతారు. ఇక్కడ డ్యూటీ డాక్టర్‌కు ఫోన్ కొట్టకుండా ఏం చేసినా తిట్లే కదా. పరీక్షలో ముందు మంచం తల ఎత్తి కూర్చోబెట్టాలి, ఫోన్ తర్వాత. ఇంకోటి. రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, అన్నం తినిపించడం మన వార్డుల్లో ఎవరు చేస్తారమ్మా? పేషెంటు తాలూకు వాళ్లు. ఆ పని మన చేతికి రాలేదు గనకే బెడ్‌సోర్ ప్రశ్నల్లో బోల్తా పడతాం.

నైట్ డ్యూటీ బ్రదర్:
మేడమ్, ఒప్పుకోను. తెల్లారుజామున 3 గంటలకు షుగర్ పేషెంటు చేయి పట్టుకుంటే చల్లగా చెమట తగిలిద్ది, మాట తడబడిద్ది. గ్లూకోమీటర్ తెచ్చేలోపే నాకు అర్థమైపోయిద్ది. ఇది ఏ పుస్తకం నేర్పిద్ది? పైగా మన జవాబును బట్టి కంప్యూటర్ తర్వాతి ప్రశ్న ఇచ్చే పరీక్ష ఇది. 90 ప్రశ్నలకు ఆగొచ్చు, 150 దాకా పోవచ్చు, టైము 4 గంటలు. బట్టీ ఎంతదాకా లాగిద్ది? (వాట్సాప్‌లో "పాత ప్రశ్నలు" అని అమ్మే పీడీఎఫ్‌ల జోలికి మాత్రం పోమాకండి. ఒకదాంట్లో పొటాషియం సిరంజితో నేరుగా నరంలోకి తోయమని ఉంది. ప్రాణం పోయిద్ది.)

కొత్త బ్యాచ్:
అక్కా, ఆ పిల్లల్లో నేనొకణ్ణి. మార్కులొస్తున్న మాట నిజమే, అదే ప్రశ్న కాస్త తిప్పి అడిగితే గల్లంతే. నన్ను చూసి దిగులు పడొద్దు.

ఒంగోలు ట్యూటర్:
బ్రదర్, షుగర్ పడిందని గుర్తుపట్టారు సరే. తర్వాత? స్పృహలో ఉన్నా మన దగ్గర నరంలోకి డెక్స్‌ట్రోజ్ (చక్కెర ద్రావణం) ఎక్కించేస్తారు. అక్కడ మింగగలిగితే నోటి ద్వారా 15 గ్రాముల చక్కెర, 15 నిమిషాలకు మళ్లీ టెస్టు.

నైట్ డ్యూటీ బ్రదర్:
తెలుసు మేడమ్. తెలిసీ వార్డులో డెక్స్‌ట్రోజే పెడతా, డాక్టర్ అదే రాశాడు గనక. పరీక్షలో అట్టా రాసిచ్చే డాక్టర్ ఉండడుగా.

కావలి పిల్ల:
నిన్న ఆఫ్. తప్పుపోయిన 40 ప్రశ్నలు ముందేసుకుని కూచున్నా. జబ్బు తెలీక పోయినవి ఏడో ఎనిమిదో. సగానికి పైగా "ఈ పేషెంటును ఎవరు చూడాలి" రకం. బీపీ పడిపోతా ఉండేవాణ్ణి ఐసీయూ అలవాటుకొద్దీ నేనే తీసుకుంటా ఉండా. ఒంటారియోలో ప్రాక్టికల్ నర్సు నిలకడగా ఉండే పేషెంటును సొంతంగా చూడొచ్చు. గంటగంటకూ మారేవాడైతే ఆర్ఎన్‌తో (రిజిస్టర్డ్ నర్సుతో) మాట్లాడాలి, అవసరమైతే అప్పజెప్పాలి. నేనేమో నెల్లూరు కుర్చీలో కూచుని అక్కడి ప్రశ్నకు జవాబు చెప్తుండా.

ఒంగోలు ట్యూటర్:
నేను మొదట్నించీ మొత్తుకునేది అదే!

నైట్ డ్యూటీ బ్రదర్:
అదెట్టా మేడమ్? జబ్బు ప్రశ్నలు ఏడెనిమిదే పోయినాయంటే వార్డు నేర్పినట్టేగా.

కావలి పిల్ల:
మీరిద్దరూ తేల్చుకోండి, నాకు డ్యూటీకి టైమైంది. అక్కడ షుగర్ లెక్క కూడా వేరంట, మన 180ని 18తో భాగించి 10 అంటారు. రాత్రి ప్రతి రీడింగ్‌కూ భాగించుకుంటా ఉంటే ఆయమ్మ "ఏంది సిస్టరూ, జపం చేస్తుండావా?" అనింది.