పేగుల్లోని బ్యాక్టీరియాకు, డిమెన్షియాలో మెదడు రోగనిరోధక కణాలకు సంబంధం ఉన్నదా?

సత్యనారాయణపురం కోడలు, విజయవాడ:

నమస్కారం. మా అత్తగారి వయసు 74 సంవత్సరాలు. నిరుడు సూర్యారావుపేటలో నరాల వైద్యులు పరీక్షలు చేయించి, డిమెన్షియా, అంటే మతిమరుపు వ్యాధి, తెచ్చే ఆల్జీమర్స్ తొలి దశ అని నిర్ధారించి, జ్ఞాపకశక్తికి డోనెపెజిల్ అనే మందు రాశారు. ఇటీవల మా తోడికోడలు ప్రోబయోటిక్ క్యాప్సూళ్లు తెచ్చి, పేగుల్లో మంచి బ్యాక్టీరియా పెరిగితే ఇమ్యూనిటీ కుదుటపడి జ్ఞాపకశక్తి నిలబడుతుందని చెబుతున్నారు. ఆమె ఆదుర్దా నాకు అర్థమవుతున్నది గాని, పొట్టలోని సూక్ష్మజీవికి పుర్రెలోపలి కణంతో పని ఏమిటో బోధపడడం లేదు. పైగా మా అత్తగారు ఏ పూటా మజ్జిగన్నం లేకుండా విస్తరి ముందు నుంచి లేవరు. మరొక సంగతి కూడా అడగాలి. ఈ మధ్య మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి యాంటీబయాటిక్ వాడిన రోజుల్లో ఆమె అయోమయం ఒక్కసారిగా పెరిగింది, తరువాత చాలావరకు తగ్గింది. ఆ మందు మంచి బ్యాక్టీరియాను చంపినందువల్లనే అలా జరిగిందా?

బ్రాడీపేట మాస్టారు, గుంటూరు:

అమ్మా, సూక్ష్మజీవశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాడిని కనుక మీ మొదటి ప్రశ్నకు మాత్రమే జవాబు చెబుతాను. మందుల సంగతి వైద్యులు చెప్పాలి.

మెదడుకు సొంత రోగనిరోధక కణాలు ఉన్నాయి. వాటిని మైక్రోగ్లియా అంటారు. 1919లో స్పెయిన్ శాస్త్రవేత్త పియో దెల్ రియో ఒర్తేగా వీటిని విడిగా గుర్తించారు. చచ్చిన కణాలనూ, ఆల్జీమర్స్‌లో పేరుకునే అమిలాయిడ్ అనే మాంసకృత్తు ముద్దలనూ చుట్టుముట్టి మింగడం వీటి పని. అయితే ఇవి చాలాకాలం రెచ్చిపోయిన స్థితిలోనే ఉండిపోతే, వెలువరించే రసాయనాలు ఆరోగ్యంగా ఉన్న నరకణాలను కూడా దెబ్బతీస్తాయి. ఈ కణాల మీద ఉండే ట్రెమ్2 అనే గ్రాహకం తాలూకు జన్యువులో ఒక మార్పు ఉన్నవారికి ఆల్జీమర్స్ ముప్పు గణనీయంగా ఎక్కువని 2013లో తేలిన తరువాత, ఈ వ్యాధిలో రోగనిరోధక వ్యవస్థ కేవలం ప్రేక్షకపాత్ర వహించడం లేదని పరిశోధకులకు గట్టిగా నమ్మకం కుదిరింది.

ఇక పేగుల సంగతి. మన పేగుల గోడల్లో రోగనిరోధక కణాలు పెద్ద సంఖ్యలో ఉంటాయి. మనం అరిగించుకోలేని పీచును అక్కడి బ్యాక్టీరియా పులియబెట్టి ఎసిటేట్, ప్రొపియోనేట్, బ్యుటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలను తయారు చేస్తుంది. ఇవి రక్తంలో కలిసి దూరపు అవయవాలనూ చేరగలవు, రోగనిరోధక కణాల నడవడినీ మార్చగలవు. బ్యాక్టీరియా లేకుండా పెంచిన ఎలుకల మెదడులో మైక్రోగ్లియా సరిగా పరిపక్వం కాలేదనీ, ఈ ఆమ్లాలను ఇచ్చినప్పుడు ఆ లోపం చాలావరకు సరిపోయిందనీ జర్మనీ పరిశోధకులు 2015లో చూపించారు. పొట్టకూ పుర్రెకూ దారి ఉన్నదన్నది అక్కడ తేటతెల్లమైంది. పేగు గోడ బలహీనపడినప్పుడు బ్యాక్టీరియా పైపొర తునకలు రక్తంలోకి జారి, శరీరమంతటా వాపును, అంటే ఇన్‌ఫ్లమేషన్‌ను రేపడం రెండో దారి. పేగులనూ మెదడునూ కలిపే వేగస్ నాడి మూడోది.

ఇంతవరకు వింటే మీ తోడికోడలి మాటే నిజమనిపిస్తుంది. కథ అడ్డం తిరిగేది ఇక్కడే. 2023లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం, సెయింట్ లూయీ వారు, టావ్ అనే మాంసకృత్తు పేరుకుని మెదడు కుంచించుకుపోయే ఎలుకలను తీసుకుని, వాటిలో కొన్నింటిని బ్యాక్టీరియా సోకకుండా పెంచారు. 40 వారాల వయసులో చూస్తే, బ్యాక్టీరియా లేని ఎలుకల మెదళ్లు చాలా తక్కువగా దెబ్బతిన్నాయి. వాటికి పైన చెప్పిన కొవ్వు ఆమ్లాలనే ఇస్తే నష్టం మళ్లీ పెరిగింది. ఆరోగ్యంగా ఉన్న మెదడులో మైక్రోగ్లియాను ఎదగనిచ్చిన పదార్థమే, వ్యాధికి లోనైన మెదడులో ఆ కణాలను అతిగా రెచ్చగొట్టినట్టు కనబడుతున్నది. కాబట్టి మంచి బ్యాక్టీరియా, చెడ్డ బ్యాక్టీరియా అన్న విభజన ఈ వ్యాధి విషయంలో నిలవదని నా అభిప్రాయం. ఏ జన్యువులున్న శరీరంలో, వ్యాధి ఏ దశలో అన్నది చూడకుండా ఏ బ్యాక్టీరియాకూ మంచిదన్న ముద్ర వేయలేము.

పటమట నివాసి, విజయవాడ:

మాస్టారు గారూ, అలాగైతే యాంటీబయాటిక్‌తో బ్యాక్టీరియాను తగ్గించడమే మేలు కదా అని ఎవరైనా అనుకునే ప్రమాదం లేదా?

బ్రాడీపేట మాస్టారు, గుంటూరు:

ఉన్నది. అందుకే చెబుతున్నాను, అది పూర్తిగా తప్పుడు దారి. షికాగో విశ్వవిద్యాలయం వారు 2016లో దీర్ఘకాలం యాంటీబయాటిక్స్ ఇచ్చిన ఎలుకల్లో అమిలాయిడ్ తగ్గిందని చూపిన మాట వాస్తవమే. కాని తరువాత చేసిన ప్రయోగాల్లో ఆ ఫలితం మగ ఎలుకల్లోనే కనిపించింది, ఆడ ఎలుకల్లో కనిపించలేదు. వృద్ధులకు నెలల తరబడి యాంటీబయాటిక్స్ ఇస్తే మందులకు లొంగని బ్యాక్టీరియా తయారవుతుంది, ప్రమాదకరమైన విరేచనాలు పట్టుకుంటాయి.

మంగళగిరి వైద్యురాలు:

కోడలు గారూ, ముందుగా మీ రెండో ప్రశ్న. వృద్ధులకు, అందులోనూ డిమెన్షియా ఉన్నవారికి, మూత్ర ఇన్ఫెక్షనే హఠాత్తుగా అయోమయం తెప్పిస్తుంది. దీనిని డెలీరియం అంటాము. శరీరంలో ఎక్కడో పుట్టిన ఇన్‌ఫ్లమేషన్ సంకేతాలు మెదడును చేరడం దీనికి ఒక కారణం. మీరు రాసిన వరుసను బట్టి చూస్తే, ముందుగా అనుమానించవలసింది ఇన్ఫెక్షన్‌ను. అరుదుగా కొన్ని యాంటీబయాటిక్స్ కూడా నేరుగా తికమక కలిగిస్తాయి గనుక, వాడిన మందు పేరు మీ నరాల వైద్యులకు చెప్పండి. మళ్లీ అలా అయితే ఆలస్యం చేయకుండా చూపించండి.

క్యాప్సూళ్ల సంగతికి వస్తే, మనుషుల మీద ఆధారాలు పలుచగా ఉన్నాయి. 2016లో ఇరాన్‌లో 60 మంది ఆల్జీమర్స్ రోగులను రెండు గుంపులు చేసి 12 వారాలు పరీక్షించినప్పుడు, ప్రోబయోటిక్ కలిపిన పాలు తాగినవారి జ్ఞాపక పరీక్ష మార్కులు కొంత మెరుగుపడ్డాయి. వ్యాధి ముదిరినవారి మీద అదే దేశంలో తరువాత జరిగిన పరీక్షలో అటువంటి మేలు కనబడలేదు. చైనా 2019లో సముద్రపు నాచు నుంచి తీసిన జీవీ-971 అనే మందుకు షరతులతో అనుమతి ఇచ్చింది. పేగు బ్యాక్టీరియాను సరిచేసి, తద్వారా మెదడులోకి చొరబడే రోగనిరోధక కణాలను తగ్గిస్తుందని దాని తయారీదారుల వాదన. ఇతర దేశాల్లో మొదలుపెట్టిన పెద్ద పరీక్ష 2022లో మధ్యలోనే ఆగిపోయింది. రోగుల పేగుల్లో బ్యాక్టీరియా వేరుగా ఉన్నదని చెప్పే అధ్యయనాలు ఉన్నాయి గాని, మతిమరుపు వచ్చిన మనిషి తిండి, కదలిక, మందులు అన్నీ మారిపోతాయి కదా, ఏది ముందు ఏది వెనుక అన్నది వాటి వల్ల తేలదు.

మజ్జిగన్నం నిశ్చింతగా కొనసాగించండి. తోడు పెరుగులోని బ్యాక్టీరియా చాలావరకు పేగుల్లో స్థిరపడదు, అయినా ఆహారంగా అది మంచిదే. అసలు అందవలసినది అక్కడ ఇప్పటికే ఉన్న బ్యాక్టీరియాకు పీచు. అది పప్పు, చిక్కుడు, బీరకాయ, ఆకుకూరల్లో దొరుకుతుంది. మాస్టారు చెప్పిన ఎలుకల ఫలితం చూసి పీచు మానేయకండి. గుండెకూ, షుగరుకూ దాని మేలు మనుషుల్లోనే రుజువైంది.

మరొక మాట. డోనెపెజిల్ వల్లనే కొందరికి వికారం, విరేచనాలు వస్తాయి. అందుకు బ్యాక్టీరియాను నిందించి కొత్త క్యాప్సూల్ మొదలుపెట్టడం నేను తరచుగా చూస్తుంటాను. దీనికి విరుద్ధంగా, మూత్రం ఆపుకోలేకపోవడానికి ఇచ్చే కొన్ని మాత్రలు మలబద్ధకం తెచ్చి, డోనెపెజిల్ ఫలితాన్ని కూడా తగ్గిస్తాయి. మందుల చీటీలన్నీ ఒకే వైద్యునికి చూపించండి. విటమిన్ బి12, థైరాయిడ్ పరీక్షలు కాకపోయి ఉంటే చేయించండి.

సత్యనారాయణపురం కోడలు, విజయవాడ:

మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. థైరాయిడ్ పరీక్ష అయింది, బి12 కాలేదు. తెచ్చిన క్యాప్సూళ్లు వాడితే హాని ఉన్నదా? మా తోడికోడలి మనసు నొప్పించడం ఇష్టం లేదు.

మంగళగిరి వైద్యురాలు:

క్యాన్సర్ మందులు, స్టెరాయిడ్లు వంటి ఇమ్యూనిటీని తగ్గించే మందులు వాడనివారిలో సాధారణంగా హాని ఉండదు. అయినా డబ్బా మీది వివరాలు వైద్యులకు చూపించి మొదలుపెట్టండి, వాటిని నమ్మి డోనెపెజిల్ మాత్రం ఆపకండి. పీచు పెంచేటప్పుడు నీళ్లు కూడా పెంచాలి, లేకపోతే మలబద్ధకం ఎక్కువవుతుంది. అన్నం తినేటప్పుడు ఆమెకు పొలమారుతుంటే కూరలను మెత్తగా ఉడికించి పెట్టండి.