యూరిన్ యాంటిజెన్ నెగెటివ్ వస్తే లెజియోనెల్లా కాదని రాసేయొచ్చా?

పాథాలజీ_పీజీ:
తీవ్ర న్యుమోనియాతో మరణం. మామూలు కల్చర్లలో ఏమీ పెరగలేదు, యూరిన్ యాంటిజెన్ (మూత్రంలో బాక్టీరియా భాగాల్ని వెతికే పరీక్ష) కూడా నెగెటివ్. పోస్ట్‌మార్టంలో లెజియోనేర్స్ జబ్బును (లెజియోనెల్లా బాక్టీరియా తెచ్చే న్యుమోనియా) తేల్చాలంటే ఏ శాంపిళ్లు తీయాలి? ఊపిరితిత్తి ముక్కలన్నీ ఫార్మలిన్‌లో వేస్తే సరిపోతుందా?

మైక్రో_బెంచ్:
రాయకూడదండీ. ఆ కిట్లలో ఎక్కువభాగం పట్టేది లెజియోనెల్లా న్యుమోఫిలా అనే జాతిలో సీరోగ్రూప్ 1 అనే రకాన్నే, అందులోనూ కొన్ని తప్పిపోతాయి. కంపోస్టు మట్టి నుంచి సోకే లాంగ్‌బీచే అనే మరో లెజియోనెల్లా జాతి వాటికి చిక్కదు.

ఇక ఫార్మలిన్ పడిందంటే కల్చర్ ఆశ వదులుకోవాల్సిందే. గట్టిపడిన భాగం నుంచి పచ్చి ముక్కలు కోసి విడిగా స్టెరైల్ డబ్బాలో పెట్టండి. ఎండిపోకుండా కొద్దిగా స్టెరైల్ నీళ్లు చాలు. సెలైన్ వద్దు, సోడియం ఈ బాక్టీరియాను అణిచేస్తుంది. సగం పీసీఆర్‌కి, సగం కల్చర్‌కి.

కల్చర్ కావాలని రిక్వెస్టులో స్పష్టంగా రాయాలి. దీనికి సిస్టీన్, ఐరన్, చార్‌కోల్ ఉన్న బీసీవైఈ అగార్ (బాక్టీరియాను పెంచే ప్రత్యేక మాధ్యమం) కావాలి. బ్లడ్ అగార్ మీద రాదు. మీ 'నో గ్రోత్' రిపోర్టుకు విలువ లేనిది అందుకే. 35 డిగ్రీల దగ్గర కాలనీలు సాధారణంగా 3-5 రోజులకు కనిపిస్తాయి, అయినా 10 రోజుల లోపు ప్లేటు పారేయొద్దు. వేరే బాక్టీరియా కమ్మేస్తుంటే శాంపిల్‌లో ఒక భాగాన్ని పీహెచ్ 2.2 యాసిడ్ బఫర్‌లో 4 నిమిషాలు ఉంచి వేయండి. మరీ ఎక్కువసేపు ఉంచితే లెజియోనెల్లా కూడా చావొచ్చు.

హిస్టో_స్లైడ్:
ఫార్మలిన్ ముక్కలూ దండగేం కాదు, ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీకి (యాంటీబాడీలతో కణజాలంలో బాక్టీరియాను గుర్తించే పద్ధతి) పనికొస్తాయి. కణజాలంలో గ్రామ్ స్టెయిన్‌ని మాత్రం నమ్మకండి, లెజియోనెల్లా దానికి సరిగా రంగు పట్టదు. ఈ జబ్బుకు పేరు తెచ్చిన 1976 ఫిలడెల్ఫియా మరణాల్లో ఊపిరితిత్తులు చేతిలో ఉండి కూడా కారణం దొరికింది 1977 జనవరిలోనే. వార్తిన్-స్టారీ లాంటి సిల్వర్ స్టెయిన్‌లో కడ్డీలు కనిపిస్తాయి, కానీ అవి లెజియోనెల్లాయేనని అది చెప్పదు.

పాథాలజీ_పీజీ:
సీరాలజీ (రక్తంలో యాంటీబాడీల పరీక్ష) పంపమంటారా?

మైక్రో_బెంచ్:
యాంటీబాడీల టైటర్ (స్థాయి) నాలుగు రెట్లు పెరిగిందని చూపాలంటే 3-6 వారాల తర్వాత రెండో సీరం కావాలి. చనిపోయిన మనిషికి అది ఎక్కడిది?

దానికన్నా, బతికుండగా తీసిన కఫం ల్యాబ్‌లో ఇంకా ఉందేమో అడగండి. చీము కణాలు తక్కువని తిరగ్గొట్టి ఉంటారు. లెజియోనెల్లా కఫానికి ఆ నియమం పెట్టకూడదు.

నీటి_శాంపిల్:
ఒకవేళ యాంటిజెన్ పాజిటివ్ వచ్చినా కల్చర్ మానొద్దు. జబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చాలంటే రోగి నుంచి తీసిన బాక్టీరియా కావాలి; అది చేతిలో లేకపోతే, కూలింగ్ టవర్లోనో వేడినీళ్ల పైపులోనో దొరికిన దానితో జీనోమ్ పోల్చడానికి ఏమీ మిగలదు.