ముట్లుడిగే వయసులో జీన్ టెస్ట్ చేయించుకోవాలా?

విశాఖగాలి: నాకు 48. నెలసరి ఓ నెల వస్తే రెండు నెలలు రాదు. ఫ్రిజ్ తలుపు తీసి, ఎందుకు తీశానో గుర్తురాక అలాగే నిలబడిపోతున్నా. అమ్మకి అల్జీమర్స్. డాలస్‌లో ఉన్న చెల్లికి టెస్టులో, అల్జీమర్స్ ముప్పు పెంచే ఏపీఓఈ జీన్ ఈ4 రకం ఒక కాపీ ఉందని తేలింది. అప్పట్నుంచి "నువ్వూ చేయించుకో, హార్మోన్లు మొదలెట్టు" అని ఒకటే పోరు. ఏమంటారు?

పాతకాపు: చేయించుకోండమ్మా. ఒక కాపీ ఉంటే ముప్పు సుమారు మూడు రెట్లు, రెండుంటే ఇంకా చాలా ఎక్కువ. 2017లో జామా న్యూరాలజీ అనే వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణలో, ఒక కాపీ ఉన్నవాళ్లలో 65-75 మధ్య మగవాళ్లకన్నా ఆడవాళ్లకే ముప్పు ఎక్కువని తేలింది. ముందే తెలిస్తే నష్టమేంటి?

నిమ్మతొక్క: అదే పేపర్లో ఇంకో ముక్క ఉంది, మీరు దాటేశారు. 55 నుంచి 85 దాకా మొత్తం చూస్తే ఇద్దరికీ ఇంచుమించు సమానమే. సరే, ఈ4 ఉందని తేలింది, తర్వాత? బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, వినికిడి చూసుకోమంటారు. లేదని తేలినా అదే మాట. మధ్యలో నిద్ర పోగొట్టుకోవడం దేనికి?

అక్కా, చెల్లికి ఉన్నంత మాత్రాన మీకూ ఉండి తీరాలని లేదు. ఫ్రిజ్ దగ్గర మరపుని అమ్మ జబ్బుతో ముడిపెట్టకండి. అమెరికాలో స్వాన్ అనే అధ్యయనం రెండు వేల మందికి పైగా ఆడవాళ్లని ఏళ్ల తరబడి పరీక్షించింది. ముట్లుడిగే ముందు దశలో కొత్తవి నేర్చుకోవడం మందగించి, ఆగిపోయాక మళ్లీ పుంజుకుంది.

పాతకాపు: మరి హార్మోన్లు?

ల్యాబ్‌కోటు: వేడి ఆవిర్లకీ, నిద్రపట్టకపోవడానికీ డాక్టర్ని అడిగి వాడుకోవచ్చు. జ్ఞాపకశక్తి కోసమని మాత్రం వద్దు. 2003లో వచ్చిన డబ్ల్యూహెచ్ఐ అనే అమెరికా అధ్యయనం ఫలితాల్లో 65 దాటాక ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ అనే ఆడ హార్మోన్లు కలిపి మొదలెట్టినవాళ్లలో డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రెట్టింపయింది. ముట్లుడిగిన కొత్తలోనే మొదలెట్టిన కీప్స్ అనే ట్రయల్‌లో నాలుగేళ్లు వాడినా జ్ఞాపకశక్తికి మేలూ లేదు, కీడూ లేదు.

నన్నడిగితే మన దగ్గర అసలు అడగాల్సింది జీన్ గురించి కాదు, ఆపరేషన్ గురించి. నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద 3 శాతం పైచిలుకు. ఆంధ్రలో 8.9, తెలంగాణలో 7.7. మా పిన్నికి 34కే చేశారు. ఇంట్లో అందరం "గర్భసంచి ఒక్కటే" అనుకున్నాం. మొన్న బీరువాలో డిశ్చార్జ్ సమ్మరీ దొరికితే చదివా: రెండు అండాశయాలూ తీసేశారు! ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఈస్ట్రోజన్ తయారయ్యేది అండాశయాల్లోనే, అది ఒక్కసారిగా పడిపోయే పని ఇది. అమెరికాలోని మేయో క్లినిక్‌వాళ్ల 2007 అధ్యయనంలో ముట్లుడగక ముందే అండాశయాలు తీసినవాళ్లకి మతిమరుపు ముప్పు పెరిగింది, ఎంత చిన్న వయసైతే అంత ఎక్కువ. 50 దాకా ఈస్ట్రోజన్ వాడినవాళ్లలో ఆ పెరుగుదల కనపడలేదు. అది ట్రయల్ కాదు, పరిశీలనే. అయినా 34 ఏళ్ల మనిషికి ఆ మాట చెప్పకుండా ఇంటికి పంపడం అన్యాయం.

పాతకాపు: ఇది ఒప్పుకుంటా. టెస్ట్ విషయంలో మాత్రం నా మాట మారదు.

విశాఖగాలి: నాకు ఆపరేషనేమీ కాలేదు. మా వదినకి 36లో అయింది, మాత్రలేవీ వాడినట్టు లేదు. ఆదివారం వెళ్లి కాగితాలు తీయమంటా. ల్యాబ్‌కోటు గారూ, సమ్మరీలో ఏ మాట కోసం వెతకాలి?

ల్యాబ్‌కోటు: "ఊఫరెక్టమీ" (అండాశయం తీసేయడం) లేదా "బీఎస్ఓ". రెండోది ఉంటే రెండువైపులా తీసేసినట్టే.