గ్రహణం పిల్లలకు చూపించాలి, ఏ అద్దాలు నమ్మొచ్చు?

ప్రశ్న (తిరుపతి, టీచర్‌ని):
2027 ఆగస్టు 2 సాయంత్రం మనకు పాక్షిక సూర్యగ్రహణం ఉంది కదా, మా ఆరో తరగతి పిల్లలకు చూపించాలని ఉంది. ఇంట్లో అత్తమ్మ పళ్ళెంలో పసుపు నీళ్ళు పోసి చూడమంటారు, ఇంకొకరేమో పాత ఎక్స్‌రే ఫిల్మ్ చాలంటున్నారు. టెన్షన్‌గా ఉంది.

జవాబు (చిత్తూరు):
రెండూ వద్దు మేడమ్. మా చిన్నాన్న ఎక్స్‌రే ఫిల్మ్‌తో చూసి కుడి కంట్లో మచ్చ తెచ్చుకున్నాడు, ఈరోజుకీ పేపర్ చదవాలంటే తల పక్కకు తిప్పుతాడు. కంటి లోపలి పొర రెటీనాకు నొప్పి తెలీదు, కాలుతున్నా అర్థం కాదు. ఐఎస్ఓ 12312-2 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉన్న అద్దాలే కొనండి. ముద్ర చూసి ఆగకండి, నకిలీవీ ఉన్నాయి. పెట్టుకుంటే ఇంట్లో ట్యూబ్‌లైట్ కూడా దాదాపు కనిపించకూడదు.

జవాబు (శ్రీకాళహస్తి):
అక్కా, సూర్యుడికి వీపు పెట్టి జల్లెడ పట్టుకోండి, నేల మీద వందల చిన్న గ్రహణాలు పడతాయి. పిల్లలకు ఇంకో సంగతి కూడా చెప్పండి. 1868 ఆగస్టు 18 గ్రహణానికి ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త మన గుంటూరు వచ్చాడు, సూర్యుడి చుట్టూ ఎగిసే జ్వాలలను గ్రహణం లేనప్పుడూ చూసే పద్ధతి అక్కడే పట్టుకున్నాడు. ఇంగ్లండ్‌లో లాకియర్ అనే ఇంకో శాస్త్రవేత్త విడిగా అదే కనిపెట్టాడు, ఇద్దరి కబురూ పారిస్ సైన్స్ అకాడమీకి ఒకే రోజు చేరింది! ఇప్పుడు సూర్యుడిని గమనించడానికి శ్రీహరికోట నుంచి వెళ్ళిన మన నౌక ఆదిత్య-ఎల్1కి, సిగ్నళ్ళు అందుకోవడంలో యూరప్ అంతరిక్ష సంస్థ గ్రౌండ్ స్టేషన్లు తోడుగా ఉన్నాయి.

ప్రశ్న అడిగినవారు:
జల్లెడ మా ఇంట్లోనే ఉంది, రేపే ఎండలో పట్టి చూస్తా.