బేరెంట్స్ సముద్రంలో కాడ్ కోటా ఇంతగా తగ్గిందంటే ఆ సముద్రం దెబ్బతిన్నట్టేనా?

కళింగతీరం (శ్రీకాకుళం)

సభ్యులందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళంలో డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం బోధిస్తాను. నా తరగతిలో కళింగపట్నం, బందరువానిపేట, బుడగట్లపాలెం వైపు మత్స్యకార కుటుంబాల పిల్లలు చాలామంది ఉంటారు కనుక, చేపల నిల్వల పాఠాన్ని పుస్తకంలోని నాలుగు నిర్వచనాలతో ముగించడం నాకు ఇష్టం ఉండదు. ఈసారి ఉదాహరణగా నార్వే, రష్యాలకు ఉత్తరాన ఉన్న బేరెంట్స్ సముద్రాన్ని తీసుకుందామనుకున్నాను. ప్రపంచంలోకెల్లా పెద్ద కాడ్ చేపల నిల్వ అక్కడే ఉందనీ, రెండు దేశాలూ కలిసి దాన్ని చక్కగా కాపాడుకుంటున్నాయనీ ఎప్పటినుంచో చదువుతున్నాం.

అయితే 2013లో 10,00,000 టన్నులుగా ఉన్న కాడ్ కోటాను, అంటే ఏడాదికి పట్టనిచ్చే పరిమితిని, 2025కు 3,40,000 టన్నులకు, 2026కు 2,85,000 టన్నులకు తగ్గించారు. 2025 నాటి కోటాయే 1991 తర్వాత అతి తక్కువ. ఇది అతిగా పట్టడం వల్ల వచ్చిన నష్టమా, సముద్రం వేడెక్కడం వల్ల వచ్చిన మార్పా, లేక ఎప్పుడూ ఉండే హెచ్చుతగ్గులా? కాడ్ సంగతి అలా ఉంచితే అక్కడి పక్షులు, సీళ్లు, ధ్రువ ఎలుగుబంట్ల పరిస్థితి ఏమిటి? ఈ సముద్రం ఆరోగ్యంగా ఉందని విద్యార్థులకు చెప్పవచ్చునా? తెలిసిన పెద్దలు దయచేసి వివరించగలరు.

చంపావతి (విజయనగరం)

మాస్టారూ, మీరు అడిగిన మూడు కారణాలూ ఉన్నాయి. నేను మత్స్యశాస్త్రం చదివి ఆ రంగంలోనే పనిచేస్తున్నాను కనుక కొంచెం వివరంగా రాస్తాను.

బేరెంట్స్ సగటు లోతు 230 మీటర్లే. అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చని ప్రవాహం నార్వే తీరం వెంబడి అందులోకి చేరుతుంది కనుకనే రష్యాలోని మూర్‌మాన్‌స్క్ రేవు నడి చలికాలంలోనూ గడ్డకట్టదు. ఉత్తర భాగంలో మాత్రం ఆర్కిటిక్ చల్లని నీరు, దాని మీద మంచు ఉంటాయి. వసంతంలో మంచు అంచున వృక్ష ప్లవకాలు విపరీతంగా పెరుగుతాయి. వాటిని సూక్ష్మమైన రొయ్యజాతి జీవులు, ఆ జీవులను కాపెలిన్ అనే జానెడైనా ఉండని చేప, కాపెలిన్‌ను కాడ్, సీలు, తిమింగలం, సముద్ర పక్షి తింటాయి. మన తీరంలో నెత్తళ్ళు, కవళ్ళు చేసే పనినే అక్కడ కాపెలిన్ చేస్తుంది.

ఇక కాడ్ విషయం. ఎదిగిన కాడ్ చలికాలం చివర లోఫోటెన్ దీవుల వైపు వచ్చి గుడ్లు పెడుతుంది. గుడ్లూ పిల్లలూ ప్రవాహంతోపాటు ఉత్తరానికి కొట్టుకుపోయి శరత్కాలానికి బేరెంట్స్ అడుగుకు చేరుకుంటాయి. ఏ సంవత్సరం పుట్టిన పిల్లలు ఎన్ని బతుకుతాయన్నది నీటి వేడిమి మీద, దొరికే తిండి మీద, వాటిని తినే జీవుల మీద ఆధారపడుతుంది. పెద్ద కాడ్ తన జాతి పిల్లలనే తినడం కూడా అక్కడ మామూలే. 2004, 2005 సంవత్సరాల్లో పుట్టిన పిల్లలు చాలా ఎక్కువగా బతికి బట్టకట్టాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే ఏడాదికి లక్ష టన్నులకు పైగా సాగుతోందని నార్వే అంచనా వేసిన దొంగవేట, 2007లో రేవుల్లో తనిఖీలు కట్టుదిట్టం చేయడంతో బాగా తగ్గింది. ఈ రెండూ కలిసి రావడం వల్లనే 2013 నాటి 10 లక్షల టన్నులు సాధ్యమయ్యాయి. ఆ అంకెను ఆ సముద్రం ప్రతి ఏడూ ఇవ్వగలిగిన పంటగా భావించడం సరికాదని నా అభిప్రాయం. ఆ తర్వాత పుట్టిన తరాల్లో అంత బలమైనవి లేవు. కాడ్ ఈడుకు రావడానికి ఆరు నుంచి ఎనిమిదేళ్లు పడుతుంది కనుక, ఒక బలహీనమైన తరం ప్రభావం కోటాలో కనిపించేసరికి ఎన్నో ఏళ్లు గడిచిపోతాయి.

కోటాను నార్వే, రష్యాల ఉమ్మడి మత్స్య కమిషన్ ఏటా నిర్ణయిస్తుంది. 1970ల నడుమ, అంటే ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తుండగానే, మొదలైన ఏర్పాటు ఇది. మూడో దేశాలకు ఇవ్వవలసినది తీసి మిగిలిన కాడ్‌ను చెరి సగం పంచుకుంటారు. 2022లో అంతర్జాతీయ సముద్ర పరిశోధన మండలి నుంచి రష్యాను పక్కన పెట్టిన తర్వాత కూడా నార్వేలోని బెర్గెన్ శాస్త్రవేత్తలు, మూర్‌మాన్‌స్క్ శాస్త్రవేత్తలు కలిసి కూర్చుని నిల్వలను లెక్కగట్టడం మానలేదు. మిగతా సంబంధాలన్నీ తెగిపోయినా ఈ ఒక్క లెక్క నిలబడింది. నాకు ఆ సముద్రం మీద ఆశ కలిగించేది ఇదే.

అయినా ఒక హెచ్చరిక చేయాలి. కాడ్ ఒక్కదాన్నే చూసి సముద్రం ఆరోగ్యాన్ని నిర్ణయించకూడదు, కాపెలిన్‌ను చూడాలి. 1980ల నడుమ కాపెలిన్ ఒక్కసారిగా కుప్పకూలింది. 1983లో పుట్టిన హెర్రింగ్ చేపలు పెద్ద సంఖ్యలో బేరెంట్స్‌లోకి వచ్చి కాపెలిన్ పిల్లలను తినేశాయి. అప్పటికే కాపెలిన్‌ను జోరుగా పడుతున్నారు. ఫలితం భయంకరంగా ఉండింది. బేర్ ద్వీపంలో గూళ్లు పెట్టే గిలిమాట్ పక్షులు 1986, 1987ల మధ్య, ఒకే ఏడాదిలో, 80 శాతానికి పైగా తగ్గిపోయాయి. తిండి కోసం హార్ప్ సీళ్లు నార్వే తీరానికి మందలుగా తరలివచ్చి పదుల వేల సంఖ్యలో వలల్లో చిక్కి చనిపోయాయి. కాడ్ బక్కచిక్కి ఒకదాన్నొకటి తిన్నాయి. 1993-97లోనూ, 2003-06లోనూ కాపెలిన్ మళ్లీ పడిపోయింది కానీ, అప్పుడు కాడ్‌కు వేరే తిండి దొరకడంతో అంతటి విపత్తు రాలేదు.

ఆ అనుభవం నుంచి పుట్టిన నిబంధన మీ పాఠానికి తప్పక పనికివస్తుంది. కాడ్ తినేది పోగా, వసంతంలో గుడ్లు పెట్టడానికి కనీసం 2,00,000 టన్నుల కాపెలిన్ మిగులుతుందన్న నమ్మకం 95 శాతం ఉంటేనే కాపెలిన్ వేటకు అనుమతిస్తారు. అంటే, మనిషి వాటా కంటే ముందు కాడ్ వాటాను లెక్కవేస్తారు.

సోంపేట నావికుడు

చంపావతి గారు పక్షుల మాట ఎత్తారు కనుక, కళ్లారా చూసిన ఒక విషయం చెబుతాను. మాది ఉద్దానం. సరుకు ఓడలో పనిచేస్తున్న కాలంలో, వేసవిలో, మా ఓడ నార్వేలోని ట్రోమ్సో రేవులో ఆగింది. ఊరి నడిబొడ్డున, దుకాణాల పైఅంతస్తుల కిటికీ గట్ల మీద, బూడిదరంగు రెక్కలు, నల్లని కాళ్లు ఉన్న పక్షులు బురద, గడ్డి కలిపి గూళ్లు కట్టుకుని వరుసగా కూర్చుని ఉన్నాయి. గోడల పొడవునా తెల్లని రెట్టల చారలు, కింద నడిచేవారికి చెవులు దిమ్మెక్కే అరుపులు. వాటిని కిట్టివేక్‌లంటారు. నిజానికి అవి సముద్రపు కొండ చరియల మీద ఉండవలసిన పక్షులు. చరియల మీద గద్దజాతి పక్షుల బెడద పెరగడం, దగ్గరలో చేప దొరకకపోవడం వల్ల ఊళ్లోకి వస్తున్నాయని అక్కడి రేవు పనివారు చెప్పారు. కొందరు యజమానులు గట్ల మీద వలలు బిగించారు, కానీ పట్టణం వారు వాటి కోసం ప్రత్యేకంగా చెక్క గూళ్లు కట్టించారు కూడా. నార్వేలో ఈ పక్షి 1980ల నుంచి బాగా తగ్గిపోయి ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేరింది. ఊరి నిండా అవే కనబడుతుంటే కొత్తగా వచ్చినవారు వీటికేం లోటు అనుకుంటారు, అందుకే ఇది రాశాను.

చింతపల్లి రేవు (పూసపాటిరేగ)

చంపావతి గారికి నమస్కారం. మాకు మరబోటు ఉంది. మీరు రాసినదంతా శ్రద్ధగా చదివాను. రెండు దేశాలు కలిసి లెక్కగట్టడం గొప్ప విషయమే, కాదనను. కానీ శాస్త్రవేత్తలు చెప్పిన అంకె కంటే కమిషన్ పెట్టిన కోటా 2025లోనూ, 2026లోనూ ఎక్కువేనని చదివాను. నిల్వ తగ్గుతున్న ఏడాదుల్లోనే అలా సడలిస్తే అది మంచి నిర్వహణ ఎలా అవుతుంది?

రెండో ప్రశ్న మన గురించి. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట ఆపుతారు. ఆ రోజుల్లో మా ఇళ్లు ఎలా గడుస్తాయో వేరే చెప్పనక్కరలేదు, అయినా ఆపుతున్నాం. నిషేధం ముగిశాక మాత్రం ఎవరు ఎంత పట్టినా అడిగేవారు లేరు. అక్కడిలాంటి కోటా ఇక్కడ పెడితే, వేటకు వలస పోయి గుజరాత్ బోట్లెక్కే మా ఊరి కుర్రాళ్లకు ఇక్కడే బతుకు దొరుకుతుందా?

చంపావతి (విజయనగరం)

మీ మొదటి ప్రశ్న న్యాయమైనదే. ఫ్యాక్టరీలు, పడవలు ఒక్కసారిగా మూతపడకుండా కోతను మెల్లగా అమలు చేయాలన్నది కమిషన్ వాదన. నేను ఆ వాదనతో ఏకీభవించను. గుడ్లు పెట్టే నిల్వ కుంచించుకుపోతున్నప్పుడు కొద్దిపాటి సడలింపు కూడా రాబోయే ఏళ్ల నుంచి తెచ్చుకున్న అప్పే అవుతుంది.

రెండో దానికి వస్తే, కోటా పద్ధతి యథాతథంగా మనకు కుదరదు. అక్కడి ట్రాలర్ వలలో వచ్చేది ప్రధానంగా కాడ్, హాడక్. మన వల ఒక్కసారి లాగితే కానాగంతలు, సావళ్ళు, చందువా, కోనాం, రొయ్య అన్నీ కలిసి వస్తాయి. ఏ జాతికి ఎంత అని రేవులో లెక్క తేల్చడం కష్టం. కానీ తీసుకోదగినవి రెండున్నాయి. అక్కడ కాడ్ కనీసం 44 సెంటీమీటర్లు ఉండాలి, ట్రాల్ వల కన్ను 130 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఒక చోట పడే సరుకులో కొలత చాలని పిల్లచేపలు 15 శాతం దాటితే ఆ ప్రాంతాన్ని వెంటనే మూసివేస్తారు. పడవలు వేరే చోటికి వెళ్తాయి, వేట ఆగదు. దానికి తోడు, పట్టిన కాడ్‌ను, హాడక్‌ను తిరిగి సముద్రంలో పారబోయడాన్ని నార్వే 1987లోనే నిషేధించింది. పారబోసిన చేప లెక్కలోకి రాదు, లెక్క తప్పితే కోటా తప్పుతుంది. మన రేవుల్లో కోళ్ల మేతకు పోయే పిల్లచేపల గుట్టలు చూసినప్పుడల్లా నాకు ఈ రెండు నిబంధనలే గుర్తుకొస్తాయి. వలసలు ఒక్క కోటాతో ఆగవు. అయితే పిల్లచేపను వదిలితే ఎదిగిన చేప మీకే దొరుకుతుంది, ఆ మేరకు ఇక్కడి వేటకు బలం చేకూరుతుంది.

కళింగతీరం (శ్రీకాకుళం)

అందరికీ కృతజ్ఞతలు. చేపల సంగతి స్పష్టమైంది. మంచు మీద ఆధారపడిన జంతువుల గురించి కూడా కొంచెం చెప్పగలరా? ఎలుగుబంట్లు, వాల్రస్‌లు కూడా కాడ్‌లాగే పెరిగి తగ్గి మళ్లీ పెరుగుతాయా?

చంపావతి (విజయనగరం)

మాస్టారూ, చేప విషయంలో పనిచేసే మందు వీటికి పనిచేయదు. వేటాడడం వల్ల తగ్గిన జంతువు వేట ఆపితే తేరుకుంటుంది. బేరెంట్స్‌కు వాయవ్యాన ఉన్న నార్వే దీవులు స్వాల్‌బార్డ్‌లో వాల్రస్‌ను 1952 నుంచి రక్షిస్తున్నారు. దాదాపు తుడిచిపెట్టుకుపోయిన ఆ జంతువు ఇప్పుడు మళ్లీ పెరిగింది. నార్వే 1973లో ధ్రువ ఎలుగుబంటి వేటను నిషేధించాక అవీ కోలుకున్నాయి; 2004 నాటి లెక్కలో బేరెంట్స్ ప్రాంతమంతటా సుమారు 2,650 ఉన్నట్టు తేలింది.

కానీ ఆర్కిటిక్‌లో చలికాలపు మంచు అత్యంత వేగంగా తగ్గుతున్న చోటు బేరెంట్సే. హోపెన్ అనే చిన్న దీవిని చూడండి. ఆడ ఎలుగుబంట్లు శరత్కాలంలో మంచు మీదుగా నడిచి అక్కడికి చేరి, ఈనడానికి గుహలు తవ్వుకునేవి. మంచు ఆలస్యంగా వచ్చిన ఏళ్లలో అక్కడికి చేరే తల్లులు బాగా తగ్గిపోయాయి. పోలార్ కాడ్ అనే చిన్న చేప పరిస్థితీ ఇలాంటిదే. దాని గుడ్లు మంచు అడుగున తేలుతూ ఎదుగుతాయి. మామూలు కాడ్ వెచ్చని నీటితోపాటు ఉత్తరానికి జరిగి ఈ చల్లని నీటి చేపల మేత మీద, చివరికి వాటి మీదే పడుతోంది. పెద్ద కాడ్‌కు లాభించిన వెచ్చదనమే వీటికి నష్టం.

కనుక విద్యార్థులకు ఒకే మాటలో ఆరోగ్యంగా ఉందని గానీ, లేదని గానీ చెప్పకండి. దక్షిణ భాగంలో కాడ్ నిల్వ ప్రస్తుతం బలహీనంగా ఉంది, అయినా కోటాను కచ్చితంగా పాటిస్తే తేరుకోగలదు. ఉత్తర భాగంలో మంచు మీద బతికే జీవజాలాన్ని ఏ మత్స్య కమిషనూ కాపాడలేదు. ఇంకా ఉత్తరాన, ఆర్కిటిక్ నడిసముద్రంలో, తొమ్మిది దేశాలు, యూరోపియన్ యూనియన్ కలిసి వాణిజ్య వేట మొదలుకాకముందే దాన్ని 16 ఏళ్లపాటు ఆపుతూ 2018లో ఒప్పందం చేసుకున్నాయి, అది 2021లో అమల్లోకి వచ్చింది. స్వాల్‌బార్డ్‌లోని నీ-ఆలెసుండ్‌లో మన దేశపు హిమాద్రి పరిశోధన కేంద్రం 2008 నుంచి ఉంది. దాని ఎదుటి కాంగ్స్‌ఫ్యోర్డ్‌లో 2014 నుంచి మన శాస్త్రవేత్తలు నీటి వేడిమిని, ఉప్పదనాన్ని కొలుస్తున్నారు. ఆ కొలతలను కాడ్ కోటా అంకెల పక్కన పెట్టి చూపితే మీ పిల్లలకు పాఠం బాగా అర్థమవుతుంది.