వైట్ వైన్ రుచి ఆ ఏటి వాతావరణానిదా, తయారీదారు నేర్పుదా?

గుంటూరు సభ్యుడు:
రసాన్ని చల్లగా ఉంచి పులియబెట్టే స్టీలు ట్యాంకులు వచ్చాక సీసా మీద వేసే కోత సంవత్సరానికి విలువ లేదని విజయవాడ మిత్రులు నిన్న రాశారు. ఫ్రాన్స్‌లోని షాబ్లీ ప్రాంతాన్ని చూస్తే ఈ మాటను నేను ఒప్పుకోలేను. అక్కడి వైన్‌కు షార్డనే ద్రాక్ష ఒక్కటే ఆధారం. రెడ్ వైన్‌లో వలె తొక్కలతో కలిపి పులియబెట్టరు కనుక, తొక్కల వగరు దీనికి తోడు రాదు. కాయలోని తీపి, పులుపుల పొందికే దీనికి ప్రాణం. కాయ పండేకొద్దీ చక్కెర పెరుగుతుంది, పులుపునిచ్చే మాలిక్ ఆమ్లం తరుగుతుంది. ఎండ ముదిరితే ఆ తరుగుదల ఇంకా వేగంగా జరుగుతుంది, రాత్రులు చల్లబడితే పులుపు నిలుస్తుంది. 2003 వడగాడ్పులకు, షాబ్లీ కూడా భాగమైన బర్గండీలో ఆగస్టులోనే కోతలు మొదలై, వైన్లు చాలావరకు పులుపు తగ్గి బరువుగా వచ్చాయి. 2021లో మార్చి చివరి ఎండలకు ముందే విచ్చుకున్న మొగ్గలను ఏప్రిల్‌లో గడ్డకట్టే మంచు మాడ్చింది. అలాంటి రాత్రుల్లో రైతులు సాళ్ల మధ్య పెద్ద కొవ్వొత్తులు వెలిగిస్తారు, కొందరు మొగ్గలపై నీరు చిమ్ముతారు. ఆ నీరు గడ్డకడుతూ విడిచే వేడి చిగురును సున్నా డిగ్రీల దగ్గర నిలుపుతుంది కనుక, తెల్లవారేసరికి గాజు వంటి పెంకు లోపల అది పచ్చగానే ఉంటుంది.

విజయవాడ సభ్యురాలు:
మంచు తగ్గించేది దిగుబడిని, రుచిని కాదు. పైగా బర్గండీలో చల్లని ఏట చక్కెర, వేడి ఏట ఆమ్లం నిబంధనల మేరకు కలుపుకోవచ్చు. నేర్పరి చేతిలో కష్టకాలపు కాయ కూడా మంచి వైన్ అవుతుంది.

గుంటూరు సభ్యుడు:
మంచు విషయంలో మీ సవరణ న్యాయమైనదేనండీ. 2021 వైన్లలోని తేలికదనానికి, చురుకైన పులుపుకు కారణం ఆ తరువాతి చల్లని వేసవి. అయితే లోటు పూడ్చడం వేరు, గుణం తేవడం వేరు. మా కళ్లంలో ఆరబోసిన మిర్చి అకాల వానకు తడిస్తే, పట్టాలు ఎంత త్వరగా కప్పినా కొన్ని కాయలు ఎరుపు వదిలి తాలు అవుతాయి. వాటిని ఏరి వేరే కుప్ప పోయగలమే గాని రంగు తిరిగి తేలేము. బర్గండీలోని బోన్ పట్టణంలో 1354 నుంచి ఉన్న కోత తేదీలను పరిశీలిస్తే, 1987 వరకు సగటున సెప్టెంబరు 28న మొదలైన కోత, 1988 నుంచి సగటున 13 రోజులు ముందే మొదలవుతూ వచ్చింది. ఆ తేదీని మార్చింది ట్యాంకులు కావు, వాతావరణమే.

విజయవాడ సభ్యురాలు:
ఈ తేదీల లెక్కకు నా దగ్గర జవాబు లేదండీ, సంవత్సరానికి విలువ లేదన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయినా పులుపు జారకముందే కత్తెర పట్టవలసిన రోజును పసిగట్టేది మనిషే కనుక, నేర్పుకే పెద్దపీట అన్న నా అభిప్రాయం మాత్రం మారలేదు.